వీధిపోటు ఇల్లు

సుస్మిత తన గృహప్రవేశానికి నన్ను పిలవకపోయినా బాగుండేది. పిలిచింది. పైగా పాలు పొంగగానే, "ముందు మీరు తీసుకోండక్కా" అంటూ గ్లాసు నా చేతికే ఇచ్చింది. ఆ పాలు నా గొంతు దిగితే ఒట్టు.

నందిగామలో భవానీప్రసాద్ గారింట్లో ఒక పోర్షన్‌లో మేం, పక్క పోర్షన్‌లో వాళ్ళు. ఇద్దరమూ అద్దెవాళ్ళమే. రెండువేల రెండులో, ఇప్పుడు సుస్మిత ఇల్లు కట్టిన ఆ స్థలం ముందు మా దగ్గరికే వచ్చింది. స్కూల్లో పాఠాలు చెప్పుకునే మా ఆయన జీతానికి అందింది అదొక్కటే. కానీ ఎదురు వీధి సూటిగా వచ్చి దాని నైరుతి మూలకు తగులుతుంది.

"వీధిపోటు స్థలంలో ఇల్లు కట్టి ఎవరు బాగుపడ్డారండీ?" అని వద్దన్నాను. వాస్తు తెలిసినవాళ్ళెవరైనా అదే అంటారు.

ఎరువుల కొట్టు నడిపే సుస్మిత మొగుడు మాత్రం, గోడలో వినాయకుణ్ణి పెడితే సరిపోతుందిలే అని కొనేశాడు. ఆ వెంటనే హైవే నాలుగు లైన్లవుతుందన్నారు. ఇక చూడాలి! కీసర దాకా పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి. మా జీతానికి సెంటు స్థలం కూడా అందకుండా పోయింది.

గృహప్రవేశం రోజు ఇల్లంతా తిరిగి చూశాను. టేకు గుమ్మం, నున్నటి గచ్చు, వంటింట్లో నల్లరాయి గట్టు. అదంతా నాది కావాల్సింది. వరండాలో సుస్మిత అత్తగారు కమలాకుమారి ఒక్కతే కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన చేరాను.

"ఇల్లు బ్రహ్మాండంగా ఉంది పిన్నిగారూ. కాకపోతే ఆ వీధిపోటే... మా ఎరుకలో ఒకళ్ళింట్లో... పోనీలెండి, శుభమా అని ఇప్పుడెందుకు!"

ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు. సాయంత్రానికే సంచి సర్దుకుని సొంతూరు వీరులపాడు వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో కొడుకు కాపురం పెడితే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంది. చేసేదిలేక ఇల్లు బేరం పెట్టారు. వాస్తూ గీస్తూ పట్టని జగ్గయ్యపేట సిమెంటు వ్యాపారి కొనేశాడు. ఆ రోజు నేను పాయసం చేశాను. ఎందుకని మా ఆయన అడిగితే ఊరికే అన్నాను.

పాయసం గిన్నె తోమానో లేదో సుస్మిత వచ్చింది.

"అక్కా, భవానీప్రసాద్ గారు ఈ ఇల్లు అమ్ముతున్నారంటే మేమే తీసుకున్నాం. అది మంచి రేటుకి పోయింది కదా, సరిపోయింది. తూర్పు గుమ్మం, ఈశాన్యంలో బావి, ఏ దోషమూ లేదని మీరెప్పుడూ అంటుంటారుగా! అత్తయ్యకి అదే చెప్పా."

"మంచిపని చేశారు" అన్నాను. నవ్వే ఉంటాను.

"ఆవిడ కూడా మాతోనే ఉంటానంటోంది. మీ పోర్షన్ కావాలక్కా. తొందరేం లేదు, నెలాఖరుకి చూసుకోండి."

ఊరంతా తిరిగాం. ఎక్కడ చూసినా అద్దెలు మండిపోతున్నాయి. చివరికి ఒకరోజు మా ఆయన ఉత్సాహంగా వచ్చారు.

"ఇల్లు దొరికిందోయ్! కొత్తది, అద్దె కూడా తక్కువే. వీధిపోటని ఎవరో పుకారు లేపారట, ఎవ్వరూ దిగడం లేదట."

ఏ ఇల్లని నేనడగలేదు.

గోడలో వినాయకుడు అలాగే ఉన్నాడు. పాలు పొంగించి, మొదటి గ్లాసు సుస్మితకే ఇవ్వాల్సి వచ్చింది. మహాతల్లి గటగటా తాగేసి, నల్లరాయి గట్టును అరచేత్తో నిమిరింది.

"మీకు ఎత్తు ఎక్కువైనట్టుందే అక్కా? నా ఎత్తుకి కట్టించుకున్నాలెండి. పీట వేసుకోండి."