రిబ్కమ్మ సాక్ష్యం

జహీరాబాద్ బస్సు చివరి సీటు కింది పల్లీ పొట్టును చీపురుతో లాగుతూ రిబ్కమ్మ ముక్కు చిట్లించింది. ఖేడ్ డిపోలో పద్దెనిమిదేళ్లుగా ఊడుస్తోంది. జనం మీద ఆమెకు గౌరవం పోవడానికి సీట్ల కింది ఈ చెత్త చాలు.

మొన్నమొన్నటిదాకా, రెండేళ్లపాటు ఆమెకు అన్నం సయించలేదు, పొద్దున్నే చాప మీంచి లేవబుద్ధి కాలేదు. దానికి డిపోలో అందరూ వైద్యులే. "జర నవ్వుకుంట ఉండరాదే," అంటాడు కండక్టర్ బాలప్ప, పెళ్లాంతో మాట్లాడి నెల దాటిన పెద్దమనిషి.

కూతురు లిల్లీ ఊరుకోలేదు, హైదరాబాదులో ఒక దవాఖానకు తీసుకెళ్లింది. మందులతో పాటు మెదడుకు శిక్షణట. ఎమ్మారై సొరంగంలో పడుకోబెట్టి, తెర మీద ఎర్ర గీత చూపించారు. సంతోషపడ్డ రోజును తలచుకుంటే మెదడులో ఆ చోటు మేలుకుంటుంది, గీత లేస్తుంది. దాన్ని లేపడం నేర్చుకుంటే దిగులు తగ్గవచ్చన్నారు.

రిబ్కమ్మ చర్చిలో ఇరవయ్యేళ్లుగా చెబుతున్న సాక్ష్యాన్నే తలచుకుంది: మూడేళ్ల లిల్లీకి జ్వరంతో ఫిట్స్ రావడం, జోసెఫ్ పాస్టరు చెయ్యి పెట్టి ప్రార్థించడం, ఆ ప్రార్థనతోనే బిడ్డ బతకడం. గీత కదల్లేదు. రెండోసారీ అంతే. మూడోసారి విసుగొచ్చి జరిగింది జరిగినట్టు తలచుకుంది. ఆ రోజు ఎంతకూ తెమలని ప్రార్థన మధ్యలో పాస్టరును పక్కకు నెట్టి, బిడ్డను భుజాన వేసుకుని దవాఖానకు ఉరికింది. తెల్లారి లిల్లీ కళ్లు తెరిచి, "అమ్మా, ఛాయ్" అంది. గీత లేచింది. సొరంగంలో రిబ్కమ్మ ఏడ్చింది. రోజూ ఇంట్లోనూ అదే తలచుకోమన్నారు. నెల తిరిగేసరికి అన్నానికి కాస్త రుచి తెలుస్తోంది.

ఇవాళ ఆదివారం. బస్సులన్నీ ఊడ్చి, చీర మార్చుకుని చర్చికి వెళ్లింది. ఆమె కోలుకుంటోందని పాస్టరు చెవిన పడింది. అదీ తన ప్రార్థన మహిమేనని అప్పుడే చాటేశాడు, సిగ్గులేని మనిషి.

"పాత సాక్ష్యం జెప్పు రిబ్కమ్మా, గట్లనే కొత్తది గూడ," అంటూ మైకు అందించాడు.

అలవాటైన అబద్ధం నోటిదాకా వచ్చింది. ఇరవయ్యేళ్లుగా దాన్ని చెప్పి చెప్పి, ఆ ఛాయ్ పొద్దును తానే పోగొట్టుకుంది. మళ్లీ చెబితే మళ్లీ ఆ చాపే గతి.

"అయ్యా, గా దినం నిన్ను నూకి నేనే ఉరికిన. నా బిడ్డను నేనే బతికిచ్చుకున్న. దేవుడు నా కాళ్లల్ల ఉండె, నీ చేతిల గాదు."

మైకు పాస్టరు చేతికే ఇచ్చి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచింది. ఇక ఈ గడప తొక్కనని ఆమెకు తెలుసు. పాట ఎత్తుకోమని పాస్టరు సైగ చేశాడు. ఎవరూ ఎత్తుకోలేదు.

సాక్ష్యం అయ్యాక ఆమెకు కప్పాలని పాస్టరు తెచ్చిన శాలువా, మడత విప్పకుండా, ప్లాస్టిక్ కవరులోనే కుర్చీ మీద ఉండిపోయింది.