మూల కలిసిందా

అచ్చులో గీత పడేందుకు బిగించే ఇత్తడి రూలు కొసను ఆకురాయితో నాలుగుసార్లు గీకి, యాకూబ్ దాన్ని పక్క రూలుకు ఆనించి, అతుకు మీద బొటనవేలి గోరు నడిపాడు. గోరు ఆగింది. మళ్లీ గీకాడు. నల్లగొండలోని ఆ చిన్న ప్రెస్సులో ముప్పైయొక్కేళ్లుగా పట్టికలకు గీతలు బిగించేది ఆయనే. మూలలో వెంట్రుక పట్టే సందున్నా మిషనెక్కనిచ్చేవాడు కాదు. యజమాని రామచంద్రం ఎంత మొత్తుకున్నా సరే, వినేవాడా! మొండిఘటం.

ఇప్పుడా మిషను అమ్ముడుపోయింది. రేపే లారీ వస్తుంది. యాకూబ్ దిగులంతా ఒక్కటే: ఇకమీద మూలలు ఎవరు కలుపుతారు?

అందుకే దగ్గుకుంటూ వెళ్లి, కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్న లీలమ్మ వెనక నిలబడ్డాడు. ఆమె యాదగిరిగుట్ట బస్సుల వేళలను ఇంటర్నెట్ పేజీలో పట్టికగా పెడుతోంది. ప్రతి గడీ తన గీత తానే గీసుకుంటోంది. ఎక్కడ చూసినా జంట గీతలు, నడుమ సందు.

"గిదేంది బిడ్డా, కొట్లాడుకున్నట్టు దూరం దూరం నిలవడ్డయి?"

"ఏమో చాచా! సందు తీసేస్తే అతుక్కున్నయి గని, గీత రెండింతలు లావైతాంది."

యాకూబ్‌కు ఆ తప్పు కొత్తదా? పనిలో చేరిన కొత్తలో తానూ గడిగడికీ నాలుగేసి రూళ్లు బిగించి, ఉస్తాద్ చేత చీవాట్లు తిన్నాడు.

"పక్కపక్క ఇండ్లకు నడిమి గోడ ఒక్కటే ఉంటది గదా. గట్ల జెప్పరాదు దానికి?"

లీలమ్మ పక్కనున్న పుస్తకం తిరగేసింది; ఇంటర్నెట్ పేజీల రూపు దిద్దే సీఎస్సెస్ భాష నేర్పే పుస్తకమది. అరగంటకు కేకేసింది. "ఉన్నది చాచా! సీఎస్సెస్‌ల గా మాట ఉన్నది!" ఒక్క వరుస చేర్చి మీట నొక్కింది. జంట గీతలన్నీ ఒక్కటయ్యాయి.

యాకూబ్ వంగి తెర మీద, మూల దగ్గర గోరు నడిపాడు. గాజు మీద గోరెందుకు ఆగుతుంది, పిచ్చి మనిషి! లీలమ్మకు నవ్వొచ్చింది. ఆయన నాలుగు మూలలూ తడిమి, "కలిసింది," అన్నాడు. ఆ ముఖంలోని సంతోషం చూసి ఆమె నవ్వు ఆపుకుంది.

"ఇగ నాకు ఫికర్ లేదు. నువ్వు మాత్రం మూల ఇడువకు బిడ్డా."

మర్నాడు లారీ వచ్చింది. యాకూబ్ రాలేదు. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడని ఆయన భార్య సకీనా కబురంపింది. రామచంద్రం గోడకు ఆనుకుని బావురుమన్నాడు. హమాలీలు మిషను ఎక్కించారు, అచ్చక్షరాల పెట్టెలు ఎక్కించారు.

లీలమ్మ పట్టిక తెరిచింది. తనకు తెలియకుండానే మూల మీద గోరు నడిపింది. నిన్న సాయంత్రం ఆయన పెట్టిపోయిన ఆకురాయి కంప్యూటర్ పక్కనే ఉంది. దాని పళ్లలో ఇత్తడి పొడి ఇంకా మెరుస్తోంది.