సున్నా రాసిన పేపరు

మా ఆయన ట్యూషన్ పేపర్లన్నీ దిద్దేది నేనేనని పక్కింటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ మా అత్తగారితో అందట. "నోరు మాస్టారిది, చాకిరీ పెళ్ళానిది" అని నవ్విందట కూడా. అత్తగారు ఆ ముక్క మోసుకొచ్చి నా ముందు పడేసే వేళకి, చిక్కుళ్ళు ఒలిచిన చేతులు తుడుచుకుని, వంటగది గట్టు మీద ఐదో లెక్క దగ్గర ఆగిపోయి ఉన్నాను.

రెండు కిలోల వస్తువు. ఏ క్షణాన ఎక్కడుంటుందో చెప్పే సూత్రం టీ క్యూబ్ మైనస్ ఆరు టీ స్క్వేర్; టీ అంటే గడిచిన సెకన్లు. రెండు సెకన్లప్పుడు దాని మీద నికర బలమెంత? ఆయన రాసిచ్చిన జవాబు మైనస్ ఇరవై నాలుగు. నోట్సులో అలాగే చేయించారు గనక పిల్లలంతా అదే వేశారు. చివరి బెంచీ పిల్ల ఒక్కతే సున్నా రాసింది. ఇది తప్పైతే రేపట్నుంచి ఆమె వెనకబడ్డవాళ్ళ బ్యాచిలో కూర్చోవాలి.

కరెంటు బిల్లు వెనకాల చేసి చూశాను. ఒకసారి అవకలనం, అదే డిఫరెన్షియేషన్, చేస్తే వేగం, రెండోసారి చేస్తే త్వరణం. ఆరు టీ మైనస్ పన్నెండు. టీ రెండైతే సున్నా. బలం కావాలంటే త్వరణాన్ని ద్రవ్యరాశితో గుణించాలి; సున్నాని ఎంతతో గుణించినా సున్నాయే. ఆయన ఒక్కసారితో ఆగిపోయి, వేగాన్నే గుణించేశారు.

పొద్దున ఆ పిల్ల సున్నా చూసి, అనుమానమొచ్చి చెప్పబోతే, "నువ్వు టిక్కులు పెట్టు చాలు. కదిలే వస్తువు మీద బలం సున్నా ఎలా అవుతుందే?" అన్నారు. కదులుతోందంటే ఎవరో తోస్తూనే ఉండాలని ఆయన నమ్మకం. పదహారేళ్ళుగా నా గురించీ అంతే. "నేను చెప్తే తప్ప ఇంట్లో గిన్నె కదలదు" అంటారు వచ్చినవాళ్ళతో. ఆ గిన్నెలు తోమేదాన్ని పక్కనే నిలబడి వింటుంటాను.

పేపర్లు పట్టుకుని ముందుగదిలోకి నడిచాను. క్లాసు జరుగుతోంది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండోసారి కూడా అవకలనం చేసి, సున్నా చుట్టూ గీత గీశాను. చివరి బెంచీ పిల్ల బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. ఆమె పేపరు తీసి, సున్నా పక్కన టిక్కు పెట్టాను.

"పిల్లల ముందు నా పరువు తియ్యాలా?" అన్నారాయన పళ్ళ మధ్య నుంచి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు అంది: "ఆరో లెక్క కూడా దాన్నే చెప్పనీరా. నువ్వెళ్ళి పొయ్యి మీద పాలు చూడు."