మోకరిస్తే చిన్నవాళ్ళయ్యే సంఘం

ఆదివారం పొద్దున పుప్పాలగూడలో రుక్కమ్మ ఇంటి కింది గది తాళం తీసేది పాస్టరమ్మ సుగుణే. గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, చాపలు పరిచి, చివర్లో గోడల వెంబడి చీమల చాక్‌పీసుతో గీత గీసేది. ఏది మానినా ఆ గీత మాత్రం మానేది కాదు. ఆ సంఘంలో మనుషులు మోకరించి ప్రార్థనలో పడితే చిన్నవాళ్ళయిపోయేవారు మరి. కొందరు జానెడు, కొందరు బెత్తెడు, గుండె బాగా కరిగినవాళ్ళయితే బొటనవేలంత. కట్టుకున్న బట్టలు కూడా వాళ్ళతోపాటే తగ్గేవి. ఆమేన్ అన్నాక ఎవరి ఎత్తు వాళ్ళకొచ్చేసేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి, నేల చూసుకుంటూ అడుగులేసేవారు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

చిన్న గది అది. అయినా సంఘమంతా అందులోనే పట్టేది. ముందొచ్చినవాళ్ళు మోకరించి చోటిచ్చేవారు, వెనకొచ్చినవాళ్ళు ఆ చోట్లో మోకరించేవారు. ఆమె భర్త పాస్టర్ దయానందం వాక్యం చెప్పేటప్పుడు మాత్రం సగంమంది గుమ్మం బయట, మెట్ల మీద, రోడ్డు పక్కన నిలబడేవారు.

దయానందం రేపల్లె వైపు మనిషి. మంచి గొంతు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రావడం మొదలయ్యాక ఆయన ప్రసంగాలు ఫోన్లలో ఊరంతా తిరిగాయి. స్పీకర్లొచ్చాయి, కీబోర్డొచ్చింది, పాటలు పెరిగాయి. ప్రార్థన కొంచెం కొంచెంగా పొట్టిదయింది. మోకరిస్తే ప్యాంటు మడతలు చెడతాయని కొందరు, మోకాళ్ళ నొప్పులని కొందరు కూర్చునే కళ్ళు మూసుకునేవారు. గదిలో ఇరుకు మొదలైంది. భుజాలు భుజాలకు తగులుతున్నాయి. "సంఘం పెరుగుతోంది" అని అందరూ సంతోషపడ్డారు.

రుక్కమ్మకి మాత్రం ఆ లెక్క అర్థం కాలేదు. ఆమె వేరే మతస్థురాలే గాని, రోజూ గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసే మనిషి. ఒకరోజు దయానందాన్ని ఆపి అడిగింది.

"ఏంది పాస్టరయ్యా, మనుషులు ఎన్కటోళ్ళే గద. కొత్తోళ్ళు జరంతమందే. మరి గది ఎట్ల సరిపోతలేదు?"

"దేవుడు వృద్ధి చేస్తున్నాడమ్మా" అని నవ్వి వెళ్ళిపోయాడాయన.

సంఘం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గర ఒక కన్వెన్షన్ హాలుకి మారింది. అక్కడే, చల్లబడ్డ భక్తిని మళ్ళీ రగిలించే ఉజ్జీవ సభలు పెట్టాలని తీర్మానించారు. ఐటీ కంపెనీలో మేనేజరుగా ఉన్న ఉదయ్ భాస్కర్ పనులన్నీ నెత్తినేసుకున్నాడు. కూకట్‌పల్లిలో పెద్ద సంఘానికి పెద్ద అయిన చలపతిరావు కమిటీకి అధ్యక్షుడు. ఆయన దయానందానికి వియ్యంకుడు కూడా. దయానందం ఒక్కగానొక్క కూతురు స్వప్నని ఆయన కొడుకు రవికిరణ్‌కి ఇచ్చారు.

సభల పోస్టర్లు మెట్రో స్తంభాల మీదికి ఎక్కుతున్న రోజుల్లో స్వప్న పుట్టింటికొచ్చింది. మణికట్టుకి కట్టుంది. అడిగినవాళ్ళకి ఆఫీసులో జారిపడ్డానని చెప్పింది. ఇంట్లో అమ్మానాన్నలకి మాత్రం నిజం చెప్పింది. రవికిరణ్ కొట్టడం అది మొదటిసారి కాదు.

దయానందం చాలాసేపు కూతురి చేతివంకే చూశాడు. కట్టు మీద చెయ్యి వేయబోయాడు. కానీ నోటినుంచి వచ్చిన మాట వేరే.

"సభలు దగ్గర పడ్డాయమ్మా. ఇప్పుడీ మాట బయటికొస్తే దేవుని పనికి ఆటంకం. ఇక్కడుంటే వచ్చేపోయేవాళ్ళు అడుగుతారు. కొన్నాళ్ళు నిజాంపేటలో హాస్టల్లో ఉండు. ఎవరికైనా కనబడితే ఆ కట్టు మీదికి చున్నీ వేసుకో."

స్వప్న ఏడవలేదు, వాదించలేదు. తండ్రి మైకులో చెప్పిన ప్రతిమాటా నమ్మి పెరిగిన పిల్ల. సరేనని వెళ్ళింది.

తర్వాత చలపతిరావు ఒక ఆలోచన చెప్పాడు. "బావగారూ, మొదటి రోజే పిల్లలిద్దరినీ స్టేజీ మీదికి పిలుద్దాం. కాపురంలో చిన్న గాలివాన వచ్చింది, ప్రభువు నిలబెట్టాడని సాక్ష్యం చెప్తారు. ఉజ్జీవమంటే ఇంకేముంటుంది చెప్పండి? ఆ మధ్యాహ్నం మావాడే హాస్టలుకెళ్ళి తీసుకొస్తాడు."

దయానందం ఒప్పుకున్నాడు. ఫోన్లో చెప్తే స్వప్న అంది, "నీకు మంచిదనిపిస్తే సరే నాన్నా."

సభ రోజు పొద్దున ఇంట్లో సుగుణ కనపడలేదు. వెతుక్కుంటూ పాత గదికి వెళ్ళాడు దయానందం. కిరాయికి ఎవరూ రాక ఆ గది ఖాళీగానే ఉంది. తలుపు తోసి చూస్తే నేల మీద చాప, చాప చుట్టూ తెల్ల గీత. మధ్యలో శనగగింజంత సుగుణ.

అంత చిన్నగా ఎవర్నీ చూసి ఎరగడాయన. గుమ్మంలోనే ఆగిపోయాడు. చాలాసేపటికి ఆమె తన ఎత్తుకొచ్చి, చీర సవరించుకుని లేచింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"సాయంత్రం నేను రావట్లేదండి" అంది.

"ఏం మాట్లాడుతున్నావు? పాస్టరమ్మ లేకుండా సభేంటి?"

"పిల్ల దెబ్బలు దాచిపెట్టి ముందు వరసలో కూర్చోలేను. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నందుకే క్షమించమని అడుగుతున్నా పొద్దుట్నుంచీ." తర్వాత మెత్తగా అడిగింది, "ఉజ్జీవం రావాలని ఊరందరికీ చెప్తున్నారు కదా. మీరు ఆఖరుసారి చిన్నవాళ్ళయింది ఎప్పుడో గుర్తుందా?"

దయానందానికి కోపమొచ్చింది. ఏళ్ళతరబడి ఆయన నిలబడే ప్రార్థిస్తున్నాడు, చేతిలో మైకుతో. సుగుణ బయటికెళ్ళాక తలుపేసి చాప మీద మోకరించాడు. "పరలోకమందున్న తండ్రీ, ఈ మహానగరాన్ని కదిలించు, ఈ సభల ద్వారా వేలాది ఆత్మలను..." మాటలు తన్నుకొచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, గుండ్రంగా, నునుపుగా. తన గొంతే తనకి బాగుందనిపించింది. కళ్ళు తెరిస్తే తల కిటికీ ఊచల ఎత్తులోనే ఉంది. ఇంకా గట్టిగా ప్రార్థించాడు. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. మోకాళ్ళు సలుపుతున్నాయి. అప్పుడాయనకి భయమేసింది. పాస్టరయ్యాక అట్లాంటి భయం ఎప్పుడూ వేయలేదు.

కారు తీసుకుని నిజాంపేట బయల్దేరాడు.

హాస్టల్లో వార్డెన్ పద్మావతి కుర్చీ చూపించింది. "మగవాళ్ళని పైకి పంపమండి, తండ్రులైనా సరే. కబురు పెడతాను" అని పైకి వెళ్ళి, మొహమాటంగా తిరిగొచ్చింది. "బ్యాగు సర్దుకుంటోందండి. సాయంత్రం నాన్నని స్టేజీ మీదే చూస్తానని చెప్పమంది."

దయానందం కుర్చీలో కూర్చోలేకపోయాడు. మెట్ల పక్కన అమ్మాయిలు చెప్పులు విడిచే చోట మోకరించాడు. ఈసారి మాటలు రాలేదు. వాక్యాలన్నీ ఎటుపోయాయో పోయాయి.

"ప్రభువా, నా పిల్ల చెయ్యి" అన్నాడు. చాలాసేపు అంతే. తర్వాత, "నేను చూశాను. చూసి కూడా దాచమన్నాను. నీ పేరు కోసమని చెప్పాను. నీ పేరు కోసం కాదు. నా పేరు కోసం."

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక రబ్బరు చెప్పు అరుగంత ఎత్తున ఉంది.

"అయ్యో, కాస్త పక్కకి జరగండి, అమ్మాయిలు క్లాసుల నుంచి వచ్చే వేళ" అని పద్మావతి వంగి హెచ్చరించింది. పైకి వెళ్ళొచ్చా అని ఆయన అడిగితే కాసేపు ఆలోచించింది. "ఇంత చిన్నవాళ్ళకి రూలేమీ పెట్టుకోలేదండి. వెళ్ళండి. ఎత్తుకుని తీసుకెళ్ళనా?"

వద్దన్నాడు. మెట్టు మెట్టుకీ చేతులు ఆనించి, పొట్ట మీద పాకి, ఎగశ్వాసతో ఎక్కాడు. దిగుతున్న అమ్మాయిలు గోడవారగా తప్పుకుని దారిచ్చారు. స్వప్న గది తలుపు మూసి ఉంది. కింద సందు ఉంది. పడుకుని అందులోంచి దూరాడు.

స్వప్న నేల మీద కూర్చుని బట్టలు మడత పెడుతోంది. తండ్రిని చూసి చెయ్యి ఆపేసింది. ఆయన ఏదో అంటున్నాడు, వినిపించడం లేదు. పుట్టినప్పట్నుంచీ ఆ గొంతుని స్పీకర్లలోనే ఎక్కువ విన్న పిల్ల, నేల మీద పడుకుని చెవి దగ్గరగా పెట్టింది.

"వెళ్ళొద్దమ్మా" అంటున్నాడు దయానందం. "తప్పు నాది. నువ్వొచ్చిన రోజే నీ పక్కన నిలబడాల్సింది. సభ కోసం నిన్ను అమ్మేసుకున్నాను తల్లీ. నన్ను క్షమించమని అడిగే అర్హత కూడా నాకు లేదు. కానీ వెళ్ళొద్దు."

స్వప్న మెల్లగా లేచి కూర్చుంది. కట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. చాలా రోజుల ఏడుపు అది. ఏడుస్తూనే అంది, "ఆ రోజు ఈ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదా నాన్నా."

"సరిపోయేది" అన్నాడాయన.

కింద కారు హారన్ మోగింది. రవికిరణ్ వచ్చాడు. స్వప్న ఫోన్ మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. మూడోసారి ఎత్తి, "నేను రావట్లేదు. ఇంకెప్పటికీ రాను" అని పెట్టేసింది. కిందనుంచి కేకలు వినిపించాయి. తర్వాత పద్మావతి గొంతు, "బయట నిలబడి మాట్లాడండి బాబూ" అని. మరికాసేపటికి కారు వెళ్ళిపోయిన చప్పుడు.

స్వప్న చున్నీ తీసి బ్యాగులో పడేసింది. "పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను. వస్తావా?" అని అరచెయ్యి చాచింది.

సాయంత్రం మహిళా పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూతురి పక్కన కూర్చున్నప్పటికి దయానందం కొంచెం పెరిగి ఐదారేళ్ళ పిల్లాడి ఎత్తుకొచ్చాడు. ఆమేన్ ఇంకా అనలేదు మరి, అంతకుమించి పెరగలేదు. ఆయన ఫోన్ చింతగింజంతయినప్పుడే మూగబోయింది కాబట్టి ఉదయ్ భాస్కర్ స్వప్నకి చేశాడు.

"పాస్టర్‌గారెక్కడ మేడమ్? హాలు నిండిపోయింది. పాటలు కూడా అయిపోయాయి."

దయానందం ఫోన్ తీసుకున్నాడు. "భాస్కర్, నేను రాలేను. ఎందుకు రాలేదో ఉన్నదున్నట్టు చెప్పు. నా అల్లుడు నా కూతుర్ని కొట్టాడు. కట్టు కట్టుకుని ఇంటికొస్తే, సభలకి చెడ్డపేరని దాచిపెట్టాను. ఇవాళ మళ్ళీ ఆ ఇంటికే పంపబోయాను. ఈ మాట చెప్పి, అందర్నీ ప్రార్థన చేసుకోమను. నాకోసం కాదు, ఎవరికోసం వాళ్ళు."

ఉదయ్ భాస్కర్ ఫోన్ జేబులో పెట్టాడు. తర్వాత మైకు దగ్గరికెళ్ళి, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాడు. చెప్పి, అక్కడే స్టేజీ మీద మోకరించాడు. ఇంట్లో తల్లితో మాట్లాడటం మానేసి ఏడాదైంది అతనికి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. వెనక వరసలో ఒకావిడ కుర్చీ దిగింది. పక్కనాయన దిగాడు. తర్వాత వరసలకు వరసలు. ఎవరూ కేకలు పెట్టలేదు. కీబోర్డు ఆగిపోయింది.

కొడుకు ఫోన్ చేస్తే బయటికెళ్ళి మాట్లాడుతున్న చలపతిరావు లోపలికొచ్చేసరికి, లైట్లన్నీ వెలుగుతున్న అంత పెద్ద హాల్లో కుర్చీలన్నీ ఖాళీగా కనిపించాయి. జనమంతా వెళ్ళిపోయారనుకున్నాడాయన. అడుగు వేయబోయి కిందికి చూశాడు. చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టి, ఎంతోసేపు అక్కడే నిలబడిపోయాడు.

స్టేషన్లో మహిళా ఎస్సై స్వప్నని లోపలికి పిలిచి కుర్చీ చూపించింది. కట్టు చూసింది. నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

"భయపడకమ్మా, మెల్లగ చెప్పు. తోడు ఎవరొచ్చిన్రు?"

"మా నాన్న" అంది స్వప్న.

దయానందం పక్క కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. కాళ్ళు నేలకి అందలేదు. కూతురు మొదటినుంచీ ఒక్కొక్కటే చెప్తుంటే తలవంచుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.