నెమ్మదిగా రాసే చెయ్యి

ఏలూరు డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు అయిపోవచ్చాయి గానీ, ఆవిడ రాయమన్న పుస్తకంలో తారీఖులు తప్ప ఇంకేమీ పడలేదు.

"మనసులో ఏం మెదిలితే అది రాసుకోమ్మా. బాగా రాయక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. లోపలే ఉంచుకుంటే గడ్డకట్టుకుపోతుంది" అని ఆవిడ ప్రసన్నకి మరీ మరీ చెప్పింది. బస్టాండు దగ్గర పుస్తకం కొన్నది అత్తగారు వీరరాఘవమ్మ.

ప్రసన్న తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివిన పిల్ల. రోజూ పుస్తకం తెరిచి, ముత్యాల్లాంటి అక్షరాలతో తారీఖు వేసి, కిటికీలోంచి చేపల చెరువు గట్టుకేసి చూస్తూ కూర్చునేది. కాసేపటికి మూసేసేది.

ఆమె భర్త దుర్గేష్ ఆ గట్టు మీదే పోయాడు. మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపలు గాలందక నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయి. నీళ్ళను చిలికే మోటారు వెయ్యడానికి పరుగెత్తి, తడి చేత్తో స్విచ్చి ముట్టుకున్నాడు.

కొడుకు కోసం వీరరాఘవమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. ప్రసన్న కంట మాత్రం చుక్క రాలేదు. అడిగినదానికి ఊ, ఆ అనడమే. ఆ రోజు నుంచి టీగిన్నె పొయ్యి ఎక్కించలేదు. కొడుకెలాగూ పోయాడు, ఈ పిల్ల కూడా కళ్ళెదుటే ఎండిపోతోందని పెద్దావిడ బెంగ.

ఆ మధ్యాహ్నం మళ్ళీ మబ్బు పట్టింది. ప్రసన్న తారీఖు వేసి ఊరుకుంది.

"ఏం రాశావే?"

"ఏం లేదత్తయ్యా."

"పోనీ, నువ్వు చెప్పు. నేను రాస్తాను."

"మీరా?"

"ఏం, నాకు రాదా? నీ మొగుడు చెప్పిన చదువే."

నిజమే. ఒకసారి ఏలూరు వెళ్ళాల్సిన మనిషి జంగారెడ్డిగూడెం బస్సెక్కేసి, పొద్దుగూకాక ఇల్లు చేరింది. మర్నాటి నుంచి దుర్గేష్ ఖాళీ మేత సంచి పరిచి, దాని మీద బొగ్గుతో ఆవిడ చేత అక్షరాలు దిద్దించాడు. "బస్సు బోర్డు చదివితే చాలమ్మా, నిన్నేం కలెక్టరుని చెయ్యను" అనేవాడు. ఆ సంచులకే చిల్లులు పొడిచి, తవుడు నింపి, చెరువులో గెడలకి కట్టేవాడు. "నా చదువంతా నీ చేపలు మేసేస్తున్నాయిరా" అని ఆవిడ నవ్వేది.

వీరరాఘవమ్మ పెన్సిలు తీసుకుని బాసింపట్టు వేసుకుంది.

"ఆ రోజు మబ్బుగా ఉంది" అంది ప్రసన్న.

"ఆగవే, ఆగు. ఇంకా 'రోజు' దగ్గరే ఉన్నాను."

"మీరు రాసేసరికి సాయంత్రం అవుతుంది."

"అవనీ. నాకేం బస్సు వెళ్ళిపోతోందా?"

ప్రసన్న పెదవి కొంచెం వంగింది. ఆవిడ ఒక్కో అక్షరాన్నీ గొణుక్కుంటూ, నాలిక కొన పళ్ళ మధ్య పెట్టుకుని రాస్తోంది. ఒక మాట కాగితం మీదికి ఎక్కేదాకా తరవాతి మాట ప్రసన్న నోట్లోనే కాచుకుని ఉండాలి. కాచుకుని ఉన్న మాటను మళ్ళీ మింగడం కష్టమైంది.

"చేపలు తేలాయని ఆయన లేచారు. టీ పెట్టు, మోటారేసి వచ్చేస్తానన్నారు."

"వచ్చే... స్తా... నన్నారు. ఊఁ."

"టీ పెట్టాను. రాలేదు. గట్టు మీద ఎవరితోనో కబుర్లు పెట్టుకునుంటారని తిట్టుకున్నాను."

"తిట్టుకున్నాను. ఊఁ."

"చల్లారిపోతోందని..."

అక్కడ ఆగిపోయింది. వీరరాఘవమ్మ ఆ మాటా రాసి తలెత్తింది.

"చల్లారిపోతోందని. తరవాత?"

"మీకిచ్చేశాను."

పెన్సిలు ఆగింది. ఆ పొద్దున అరుగు మీద నిద్రమొహంతో అందుకున్న గ్లాసు ఆవిడకి గుర్తొచ్చింది. ఒక గుక్క తాగి, "ఏవిటే ఈ తీపి! నాకు షుగరని మర్చిపోయావా?" అని కసిరింది. కసిరిందే గానీ గ్లాసు దింపలేదు. గట్టు మీంచి కేక వినపడేసరికి గ్లాసు ఖాళీ.

"ఆయన అక్కడ పడున్నారు అత్తయ్యా. నేనిక్కడ ఆయన టీ ఎత్తి ఇంకొకళ్ళకిచ్చేశాను. ఇంక రారని నాకు తెలిసినట్టు. రాయండి. అది కూడా రాయండి."

వీరరాఘవమ్మ రాసింది. వరస కిందికి జారిపోయింది. అయినా చివరిదాకా రాసింది. నీ తప్పేముందే అనే మాట నోటిదాకా వచ్చింది. పరామర్శకి వచ్చిన వాళ్ళందరూ అదే అన్నారు. ఆ మాట ఈ పిల్లకి ఎక్కడా తగల్లేదు. అందుకని ఎవరూ చెప్పకుండానే ఇంకో వరస తనే రాసి, పుస్తకం కోడలి వైపు తిప్పింది.

*వాడి టీ నేను తాగాను. తియ్యగా ఉంది. అడుగుదాకా తాగాను.*

ప్రసన్న ఒక్కో అక్షరం మీదా ఆగుతూ, అత్తగారు రాసినంత నెమ్మదిగా చదివింది. చివరి మాట దగ్గర ఆమె గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ముందు అది ఏడుపులా లేదు. తరవాత ఇంక ఆగలేదు. వీరరాఘవమ్మ ఆ తలని ఒళ్ళోకి లాక్కుంది, చేతిలో పెన్సిలు అలాగే ఉంది. బయట చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లేచి ఆరేసిన బట్టలు తియ్యలేదు.

చాలాసేపటికి ఒళ్ళోంచే ప్రసన్న అంది:

"పంచదార ఎక్కువేశానని తిట్టారు మీరు."

"తిట్టాను."

"ఆయనకి రోజూ అంతే వేసేదాన్ని."

"ఎరుగుదునే తల్లీ" అంది వీరరాఘవమ్మ. "చిన్నప్పుడు వాడికి ఆ తీపి మప్పింది నేనే."