ఒక జేబు, రెండు బోర్లు

భుజానికి శస్త్రచికిత్స చేసిన వైద్యుడు వెలికాకు చెప్పింది ఒక్కటే మాట: బరువైన తుపాకి ఇక పట్టవద్దు. ఆ ఒక్క మాట అందుకుని దోబ్రుజా మైదానంలోని వేటగాళ్ళందరూ తలా ఒక సలహా ఇచ్చారు. పూరేడు పిట్ట పిడికెడు ఉంటుంది. దాన్ని దేనితో కొట్టాలన్న విషయం మీద మాత్రం ప్రతి మగవాడికీ గంపెడు అభిప్రాయాలు ఉంటాయి. తుపాకి బోరు సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్న సంగతి వెలికాకు పెళ్ళికి ముందే తెలుసు. అయినా ఆ వేసవిలో ఎదురుపడ్డ ప్రతివాడూ ఆమెకు ఆ పాఠం మొదటినుంచీ చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం కాంచో తుపాకుల దుకాణంలోనూ అదే జరిగింది.

"ఇరవై బోరు తీసుకో వెలికక్కా," అన్నాడు కాంచో, సన్నటి జంట గొట్టాల తుపాకిని పసిపిల్లను పడుకోబెట్టినట్టు బల్లమీద పెడుతూ. "తేలిక. భుజాన్ని తన్నదు. పిట్ట కూడా కూరకు మిగులుతుంది. రాంగెలన్న పన్నెండు బోరుతో కొడితే నువ్వు ఈకలు వండుకోవాల్సిందే."

"ఈకలు నావి, మాంసం ఆవిడది. ముందే పంచుకున్నాం," అన్నాడు ఆమె భర్త రాంగెల్. గోడవారగా కాఫీ తాగుతున్న ఇద్దరు వేటగాళ్ళు నవ్వారు.

వెలికా తుపాకి ఎత్తి చెంపకు ఆనించింది. అది ఆమె కొలతకే చేసినట్టు కుదురుకుంది. భుజం నొప్పి అనలేదు. దాన్ని జాగ్రత్తగా మళ్ళీ బల్లమీద పెట్టింది.

"బాగుంది. కానీ కొనను. మా ఇంట్లో రెండు బోర్లు ఉండకూడదు."

"అదేంటక్కా! మా ఇంట్లో మూడున్నాయి."

"మీ ఇంట్లో నీ చెయ్యి నీ జేబులోనే ఉంటుంది కాంచో."

రాంగెల్ తనకు సరిపడా తూటాలు ఏనాడూ తెచ్చుకోలేదు. తనవి అయిపోగానే, కళ్ళు కుక్కమీద నుంచి తిప్పకుండా, పక్కన నడుస్తున్న భార్య కుడి జేబులో చెయ్యి పెట్టి, దొరికినవి తీసి, చూడకుండానే గొట్టాల్లో వేసుకుంటాడు. దాన్ని ఆయన నేర్పు అనుకుంటాడు. ఇద్దరివీ పన్నెండు బోర్లయినంత కాలం అది వెలికాకు చిరాకు మాత్రమే. ఇరవై బోరు తూటా సన్నం. పన్నెండు బోరు గొట్టంలో వేస్తే నోటి దగ్గర ఆగదు, లోపలికి జారి అక్కడ ఇరుక్కుంటుంది. వెనకనుంచి చూస్తే తూటా పెట్టే గది ఖాళీగా కనిపిస్తుంది. మనిషి పెట్టడం మరచిపోయాననుకుని దాని వెనక మరో తూటా పెట్టి పేలుస్తాడు. అప్పుడు గొట్టం పగులుతుంది, సరిగ్గా ఎడమచెయ్యి పట్టుకునే చోట.

"అందుకేగా అక్కా ఇరవై బోరు తూటాలు పసుపుపచ్చగా చేస్తారు!"

"రంగు కళ్ళతో చూసేవాడికి. ఈయన వేళ్ళతో చూస్తాడు."

"నేనెప్పుడు పెట్టానే నీ జేబులో చెయ్యి?" అన్నాడు రాంగెల్. అబద్ధమాడి ఉంటే ఆమె క్షమించేది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు.

"అయితే నువ్వూ ఇరవై బోరే తీసుకో," అంది వెలికా. "ఇంట్లో ఒకటే రకం తూటా ఉంటుంది."

"మా నాన్న తుపాకి గోడకు తగిలించి ఈ ఆడవాళ్ళ బొమ్మ పట్టుకు తిరగమంటావా? పిట్టలు నవ్వుతాయి." కాఫీ తాగేవాళ్ళు పిట్టలకంటే ముందే నవ్వారు. "సరే, ఇక నీ జేబు ముట్టను. ఒట్టు. చాలా?"

ఆయన చుట్ట వెలిగించుకోవడానికి బయటికి వెళ్ళాక వెలికా బల్ల మీదికి వంగింది. "కొత్తవాళ్ళకు నేర్పేటప్పుడు వాడతావే, మందూ గుళ్ళూ లేని తూటాలు. ఇరవై బోరువి రెండు ఇవ్వు."

"ఎందుకక్కా?"

"ఒట్టు ఎంత బరువుందో తూచడానికి."

మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ కోసిన గోధుమచేలోకి దిగారు. పక్కనే పొద్దుతిరుగుడు తోట తలలు వంచుకుని ఉంది. వెలికా తన తుపాకి కారులోనే వదిలేసి, భుజం సలుపుతోందని చెప్పింది. ఆమె కుడి జేబులో రెండు పసుపుపచ్చని ఉత్తి తూటాలు తప్ప ఏమీ లేవు. బయలుదేరేముందు ఆయన కోటు, పటకా తడిమి, మంచి తూటాలు ఎన్నున్నాయో చూసుకుంది. అవి అయిపోవాలి, ఆయన చెయ్యి రావాలి, వేసుకునే ముందు ఒక్కసారైనా చూస్తాడేమోనని ఆయనకు అవకాశం ఇవ్వాలి, చూడకపోతే ఆపి, వాక్యం తర్వాత వాక్యంగా పేర్చుకున్న మాటలన్నీ చెప్పాలి. అదీ ఆమె ఏర్పాటు.

పొద్దు ఇంకా ఎక్కకముందే ఆయన తూటాలు అయిపోయాయి. కుక్క జారా గట్టు దగ్గర ముందుకాలు ఎత్తి నిలబడిపోయింది. రాంగెల్ తుపాకిని మడతబందు దగ్గర విరిచి తెరిచి, కళ్ళు జారామీదే ఉంచి, చెయ్యి వెలికా జేబులో పెట్టాడు. రెండూ తీశాడు. చూడలేదు. రెండు గొట్టాల్లో వేసి మూసేశాడు.

పూరేడు లేచింది. టిక్. టిక్.

"అరె, పెట్టలేదా నేను?" తుపాకి విరిచి చూశాడు. రెండు గదులూ ఖాళీ.

వెలికా తన మొదటి వాక్యం కోసం నోరు తెరిచింది. అంతలో ఆయన వేళ్ళు చొక్కా జేబులో దూరి, ఎర్రటి పన్నెండు బోరు తూటా ఒకటి పైకి తీశాయి. అదృష్టం కోసం దాచుకున్నదట. కోటు చూసింది, పటకా చూసింది, చొక్కా చూడలేదు. గొట్టం మూసుకుంది. రెండో పిట్ట లేచింది. తుపాకి భుజానికి చేరింది.

కోసి కుట్టిన భుజం వైపు ఆమె చెయ్యే ముందుకు దూకి, తుపాకి విరిచే మీటను పక్కకు నెట్టింది. గొట్టాలు కిందికి వాలాయి. భుజంలో నిప్పు రాజుకున్నట్టయింది.

"పిచ్చెక్కిందా నీకు? పిట్ట పోయింది!"

"ఆ తూటా తీసెయ్. గొట్టాల్లోంచి ఆకాశం చూడు."

ఆయన గొణుగుతూనే ఎర్రటిదాన్ని తీసి, గొట్టాలు పైకెత్తి చూశాడు. మైదానమంతా వెలుతురు ఉంది. ఆ రెండు గొట్టాల్లో మాత్రం లేదు. గొట్టాలు దించి, వెలికా జేబు వైపు చూశాడు.

"ఇవి నీ జేబులో ఎవరు పెట్టారు?"

"నేనే."

"అదీ! మరి తప్పెవరిది? నన్ను చంపేసేదానివి గదే!"

అంత శ్రద్ధగా పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ ఆమెకు పనికిరాలేదు. "నువ్వు ఒట్టు వేసింది నిన్న సాయంత్రం రాంగెల్," అంది. "ఇంకా ఎండ కూడా ఎక్కలేదు."

ఇరుక్కున్నవాటిని తోయడానికి ఆయన విరిచిన పొద్దుతిరుగుడు కాడ లోపలే తునిగింది. గట్టుమీది చెట్టు కొమ్మతో తోస్తే రెండు పసుపుపచ్చని తూటాలు వచ్చి ఆయన ఒళ్ళో పడ్డాయి. ఆయన వాటిని చూడలేదు. ఎడమ అరచేతిని తిప్పి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. రొట్టె, కాల్చిన మిరపకాయల పచ్చడి తింటున్నంతసేపూ ఆ చెయ్యి ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

సోమవారం ఆయనే ఆమెను కాంచో దుకాణానికి తీసుకువెళ్ళాడు.

"ఇరవై బోరు. రెండు."

"రెండా అన్నా? పిట్టలు నవ్వవూ?" అన్నాడు కాఫీ తాగేవాళ్ళలో ఒకడు.

"నాకూ భుజం పట్టేసింది."

"ఏ భుజం?"

రాంగెల్ చెయ్యి ముందు ఎడమ భుజం మీదికి వెళ్ళి, ఆలోచించి, కుడి భుజం మీదికి మారింది. వెలికా గోడకు తగిలించిన జింక కొమ్ములను శ్రద్ధగా పరిశీలించింది. తన మాట నిజమని ఒప్పుకోవడానికి ఈ మనిషికి దొరికింది ఒక భుజం నొప్పి! అయినా, అవతల బల్లమీద రెండు సన్నటి తుపాకులు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ఇల్లు చేరాక రాంగెల్ తన తండ్రి తుపాకిని తుడిచి గోడకు తగిలించి, ఆ సాయంత్రమంతా దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

శనివారం జారా మళ్ళీ గట్టు దగ్గర నిలబడింది. రాంగెల్ రెండు దెబ్బలూ వృథా చేసి, కళ్ళు కుక్కమీదే ఉంచి, చెయ్యి వెలికా జేబులో పెట్టాడు.

"ఇన్నేనా? ఇంకొన్ని తెచ్చుకోకూడదుటే?"

"నీ జేబులో పెట్టుకోకూడదూ?"

"బరువు. భుజం నొప్పి కదా నాకు."

ఆయన వేళ్ళమధ్య ఉన్నది పసుపుపచ్చనిది. అది గొట్టం నోటి దగ్గరే సరిగ్గా ఆగింది. వెలికా పళ్ళు బిగపట్టి, జేబు మూతను ఇంకాస్త వెడల్పుగా తెరిచి పట్టుకుంది.