గురువారం సాయంత్రం

బంగాళాదుంపలకి చెక్కు తీస్తున్నాను. మా ఆయన హాల్వార్ వంటింట్లోకొచ్చి, పొయ్యి మీద చేపల గిన్నె మూత ఎత్తి చూస్తూ అన్నాడు.

"మన పాటల బృందం యాభయ్యో వార్షికోత్సవానికి ట్రాండ్‌హైమ్ నగరం నుంచి ఒకాయన్ని పిలుస్తున్నారు. ఆ రోజు ఆయనే నడిపిస్తాడు."

"మరి నేను?"

"నేర్పేది నువ్వే కదా. పాటలన్నీ వచ్చేట్టు చేసిపెట్టు. ఆయన ఆ ఒక్కరోజు ముందు నిలబడతాడంతే. బయటివాళ్ళు వస్తారు గున్వోర్, చూడ్డానికి బావుండాలి."

పెళ్ళికి ముందు నేను ఓస్లోలో ఒపెరా పాడినదాన్ని. ఈ రేవు ఊరికి కాపురానికొచ్చిన కొత్తలోనే మా అత్తగారు బోర్గిల్డ్, "పెళ్ళయిన ఆడది నలుగురిలో అంత నోరు తెరిస్తే ఏం బావుంటుందమ్మా" అంది. ఎదురు చెప్పలేదు. నోరు మూసుకున్నాను. తర్వాత మగవాళ్ళ బృందాన్ని నడిపించే పెద్దాయనకి పక్షవాతం వచ్చింది. ఇంకొకరు దొరికేదాకా చూడమని నన్ను నిలబెట్టారు. నాలుగేళ్ళయినా ఎవరూ దొరకలేదు, ఎవరూ వెతకలేదు కనక. పడవలు దిగి నేరుగా వచ్చే ఆ మగవాళ్ళకి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పాను. ప్రాక్టీసయ్యాక కాఫీ కూడా నేనే కాచాను. జీతం మాట ఎవరూ ఎత్తలేదు, ఒక క్రిస్మస్‌కి మాత్రం టేబుల్ గుడ్డ ఇచ్చారు. వెనక వరసలో పాడే నా భర్త ఓసారి ఇంటికొస్తూ దారిలో, "అందరి ముందూ నావైపు వేలు చూపించకు" అన్నాడు.

"కమిటీలో నువ్వూ ఉన్నావుగా. ఏమన్నావు?" అని అడిగాను.

"అందరూ సరే అన్నారు."

"నేను అడిగింది నిన్ను."

"నేనూ సరే అన్నాను. నీమీద కోపంతో కాదు."

కాదని నాకూ తెలుసు. కోపమే అయితే పోట్లాడి ఉండేదాన్ని.

మర్నాడు బేకరీ అద్దానికి కాగితం అంటించాను. పాడాలనుకునే ఆడవాళ్ళు గురువారం సాయంత్రం బడికి రావాలని. బేకరీ నడిపే తోర్దిస్ అది చదివి, "గురువారం మగవాళ్ళ ప్రాక్టీసు కదా, పిల్లల్నెవరు చూస్తారు?" అంది.

"వాళ్ళకి నేర్పేవాళ్ళు లేరుగా. ఇళ్ళల్లోనే ఉంటారు."

తోర్దిస్, "అయితే నేనూ వస్తాను" అంది.

గురువారం నేను కోటు తొడుక్కుంటుంటే, మా చిన్నమ్మాయిని ఒళ్ళో కూచోబెట్టుకున్న హాల్వార్, "ఎప్పుడొస్తావు?" అని మెల్లగా అడిగాడు. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ నాదే.

బళ్ళో కుర్చీలు చాల్లేదు. ఫ్యాక్టరీలో చేపలు కోసి, తలగుడ్డలు కూడా విప్పకుండా వచ్చేశారు కొందరు. సన్న గొంతులవాళ్ళని ఒకవైపు, బొంగురు గొంతులవాళ్ళని ఇంకోవైపు సర్ది కూచోబెడుతుంటే తలుపు దగ్గర అత్తగారు కనిపించింది. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. ఆవిడ చేతిసంచీని గుండెకి హత్తుకుని, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"చర్చిలో కూడా ఊరికే పెదాలు కదుపుతానమ్మా. మీ మామగారికి నా పాట నచ్చేది కాదు. నాది సన్న గొంతో బొంగురు గొంతో నాకే తెలీదు. ఎక్కడ కూచోమంటావు?"